వెనక బెంచీ మీద హెడ్మాస్టరు

ఏ జిల్లా పరిషత్ హైస్కూల్లోనైనా ప్రధానోపాధ్యాయుడి గదిలో పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా కూర్చుంటే చాలు, ఆ ఉద్యోగం ఎలాంటిదో తెలిసిపోతుంది. ప్రార్థన అయ్యీ అవగానే ఇద్దరు టీచర్లు సెలవు పెట్టిన సంగతి తేలుతుంది. వాళ్ల పీరియడ్లు ఎవరు తీసుకోవాలో రిజిస్టర్లో రాయాలి. అది చూసి స్టాఫ్‌రూమ్‌లో మూడో టీచరు ముఖం మాడ్చుకుంటుంది. ఈలోగా వంట చేసే ఆవిడ వచ్చి గుడ్లు లెక్కకు తగ్గాయంటుంది. మండలాఫీసు నుంచి వాట్సాప్‌లో ఒక షీటు వచ్చి పడుతుంది, పన్నెండింటికల్లా నింపి పంపాలి. ఒకరోజు పిల్లల బూట్ల సైజులు, ఇంకోరోజు అపార్ ఐడీలు, మరోరోజు ఆధార్‌తో సరిపోలని పేర్లు. గుమ్మం దగ్గర ఒక తండ్రి టీసీ కోసం నిలబడి ఉంటాడు. బడితో ఏ సంబంధమూ లేని మరొకతను జిరాక్సు కాగితాల మీద గెజిటెడ్ సంతకానికి వస్తాడు, ఆకుపచ్చ సిరా పెన్ను కోసం సొరుగంతా వెతకాలి. చాలా బళ్లలో గుమాస్తా ఉండడు కాబట్టి ఆ పనీ హెచ్‌ఎందే.

ఆ రెండు గంటల్లో అదే ఆవరణలో పది పన్నెండు గదుల్లో పాఠాలు జరుగుతుంటాయి. ఏ గదిలో ఏ పిల్లకు ఏం అర్థమైందో, ఏ టీచరు ఎక్కడ తడబడ్డారో హెచ్‌ఎంకు చెప్పే షీటు ఏదీ రాదు.

తెలియాల్సిన అవసరం మాత్రం చాలా ఉంది. 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను పరీక్షించిన 2023 నాటి అసర్ సర్వే దేశంలోని 28 జిల్లాల్లో తిరిగింది. ప్రతి నలుగురిలో ఒకరు సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని తడుముకోకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం 43 శాతం మందికే వచ్చింది. హైస్కూలు మెట్లెక్కిన వయసు పిల్లలు వీళ్లు. కొత్త భవనం, రంగులేసిన గోడలు, డిజిటల్ బోర్డు అన్నీ మంచివే. భాగహారం రాని పిల్లవాడికి భాగహారం నేర్పాల్సింది మాత్రం ఒక గదిలోని ఒక టీచరు. ఆ టీచరుకు అండగా నిలవాల్సిన మనిషి హెచ్‌ఎం.

ఈ మాటను పరిశోధకులు గట్టిగా అనడం మొదలుపెట్టి నలభై ఏళ్లు దాటింది. అమెరికా నగరాల్లో పేద పిల్లలు చదివే బళ్లలో కొన్ని మాత్రం ఎందుకు బాగా నడుస్తున్నాయని వెతికిన రాన్ ఎడ్మండ్స్ 1979లోనే బడి పెద్దను కారణాల్లో ఒకటిగా చూపించాడు. 1985లో ఫిలిప్ హాలింజర్, జోసెఫ్ మర్ఫీ దాన్నొక చట్రంలో పెట్టారు. బడి లక్ష్యం ఏమిటో అందరికీ స్పష్టం చేయడం, బోధనను దగ్గరుండి చూసుకోవడం, నేర్చుకునే వాతావరణం నిలబెట్టడం. దానికి బోధనా నాయకత్వం అని పేరు. 2008లో న్యూజీలాండ్‌కు చెందిన వివియాన్ రాబిన్సన్ బృందం 27 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. ఉత్తేజపరిచే మాటలతో, ఘనమైన దార్శనికతతో నడిపే నాయకత్వం కంటే బోధన మీద నేరుగా దృష్టిపెట్టే నాయకత్వం పిల్లల చదువు మీద మూడు నాలుగు రెట్లు ఎక్కువ ప్రభావం చూపుతోందని తేల్చింది. బడి పెద్ద చేసే పనులన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఒకటే: టీచర్లు నేర్చుకునే చోట తానూ కూర్చుని, వాళ్లతోపాటు నేర్చుకోవడం.

అయితే హెచ్‌ఎంలందరినీ రోజూ క్లాసుల వెంట తిప్పితే సరిపోతుందా? సరిపోదని చెప్పిన అధ్యయనం కూడా ఉంది. నా దృష్టిలో మన అధికారులు ముందుగా చదవాల్సింది దాన్నే.

అమెరికాలోని మయామీ ప్రాంతంలో జేసన్ గ్రిసమ్, సుసానా లోబ్, బెంజమిన్ మాస్టర్ సుమారు వంద బళ్ల ప్రిన్సిపాళ్లను మూడేళ్లపాటు గమనించారు. ప్రశ్నపత్రాలు పంచి ఊరుకోలేదు, మనుషుల్ని పంపి రోజంతా వెంట ఉండి ఏ నిమిషం దేనికి పోయిందో రాయించారు. బోధనకు సంబంధించిన పనుల మీద ప్రిన్సిపాళ్లు పెట్టిన సమయం 13 శాతం లోపే. అందులోనూ ఎక్కువగా చేసింది క్లాసుల్లోకి తొంగిచూసి వచ్చేయడం. 2013లో అచ్చయిన ఫలితం ఆలోచింపజేసేది. అలా తొంగిచూసే పని ఎక్కువైన బళ్లలో పిల్లల ప్రగతి తక్కువగా కనిపించింది, హైస్కూళ్లలో మరీనూ. ఆ రాకపోకలను తమ ఎదుగుదలకు పనికొచ్చేవిగా టీచర్లు భావించని బళ్లలోనూ అంతే. ప్రిన్సిపాలు టీచరు పక్కన కూర్చుని బోధనను మెరుగుపరిచే పని చేసినచోట మాత్రం పిల్లలు ముందుకు వెళ్లారు.

అంటే క్లాసులోకి వెళ్లడం ఒకటే అయినా, టీచరు దాన్ని ఎలా తీసుకుంటారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతోంది. బడి పెద్దకు మనుషుల మనసు చదివే నేర్పు ఉందా లేదా అన్న ప్రశ్న అక్కడే బోధనలోకి వస్తుంది.

తలుపు దగ్గర భయం

మన బళ్లలో పెద్దవాళ్లు క్లాసులోకి వచ్చారంటే తనిఖీకి వచ్చారనే అర్థం. ఇన్‌స్పెక్షన్ అన్న మాట వినగానే డైరీలు పూర్తవుతాయి, పాఠ్య ప్రణాళికల మీద తేదీలు పడతాయి, చార్టులు గోడలెక్కుతాయి. వచ్చిన అధికారి పిల్లవాణ్ని లేపి ఎక్కం అడుగుతాడు. వాడు చెప్పలేకపోతే టీచరు తల వంచుకుంటారు. దొరల కాలం నుంచి వస్తున్న ఈ తంతు టీచర్లకు ఒకటే నేర్పింది: చూడ్డానికి వచ్చేవాడు తప్పు పట్టుకోవడానికే వస్తాడని. దానికితోడు ముఖ గుర్తింపు హాజరు, రోజుకో ఫొటో, గంటకో షీటు. ఇంతటి నిఘాలో పనిచేసే మనిషి ఇంట్లో పిల్లల జ్వరమో, అప్పు వాయిదానో మనసులో పెట్టుకుని పాఠం చెబుతుండగా హెచ్‌ఎం వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారంటే, ఆ గదిలో వెంటనే మారిపోయేది టీచరు గొంతు.

ఆ మార్పు హెచ్‌ఎం చెవికి అందాలి. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు ఉద్వేగ ప్రజ్ఞ అని పేరుపెట్టింది ఇలాంటి శక్తికే. ఎదుటివారి భావాన్నీ తన భావాన్నీ పోల్చుకోవడం, ఆలోచనకు వాటి సాయం తీసుకోవడం, అవి ఎటు దారితీస్తాయో గ్రహించడం, సందర్భానికి తగ్గట్టు వాటిని నడపడం అని తర్వాత వాళ్లే దాన్ని నాలుగుగా విడదీశారు. పాత్రికేయుడు డేనియల్ గోల్‌మన్ 1995లో రాసిన పుస్తకంతో అది లోకమంతా పాకింది. మన దగ్గర టెట్‌కు, డీఎస్సీకి చదివినవాళ్లకు గోల్‌మన్ పేరు కొత్త కాదు. సైకాలజీ బిట్లలో బట్టీ పట్టిన పేరే అది. పరీక్ష గదిలో సరైన గడి నింపిన టీచరుకు, ఆ తర్వాత పాతికేళ్ల ఉద్యోగంలో ఎవరూ ఆ ప్రజ్ఞను తన మీద చూపించి ఉండకపోవచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఉద్వేగ ప్రజ్ఞకూ బోధనా నాయకత్వానికీ మధ్య సంబంధం మీద మన దేశంలోనూ బయటా వస్తున్న పరిశోధనల్లో చాలావాటికి ఆధారం ప్రశ్నావళి. తనకు ఎంత సహనం ఉందో ప్రిన్సిపాలే మార్కులు వేసుకుంటారు, తాను ఎంత బాగా నడిపిస్తున్నారో కూడా ఆయనే వేసుకుంటారు. తన మీద తనకు మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకు రెండుచోట్లా మార్కులు ఎక్కువే పడతాయి, సంబంధం దానంతటదే గట్టిగా కనిపిస్తుంది. కాబట్టి ఆ అంకెల మీద నేను బరువు మోపను. పాఠం అయ్యాక హెచ్‌ఎం ఏం మాట్లాడారు, ఆ మాటకు మర్నాడు క్లాసులో ఏం మారింది అన్నవే నాకు ముఖ్యం.

ఉదాహరణకు ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్ అనుకుందాం. సమీకరణాల పాఠం. “మైనస్ ఐదు అటుపక్కకు పోతే ఏమవుతుంది?” అని మాస్టారు అడుగుతారు. “ప్లస్ ఐదు సార్!” అని ముందు రెండు బెంచీలు గట్టిగా అంటాయి. బోర్డు మీద లెక్క పూర్తవుతుంది. వెనక కూర్చున్న హెచ్‌ఎం పక్కనున్న అమ్మాయి నోట్సు చూస్తారు. అచ్చుగుద్దినట్టు ఉంది, ఒక్క కొట్టివేత కూడా లేదు. “గుర్తు ఎందుకు మారిందమ్మా?” అని మెల్లగా అడిగితే ఆ పిల్ల పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టేస్తుంది.

ఆ తర్వాత ఆఫీసు గదిలో మాట ఇలా మొదలైందనుకోండి. “మాస్టారూ, మీ క్లాసులో ముందు రెండు బెంచీలకే చదువండీ. వెనకవాళ్లని మీరు పట్టించుకోవట్లేదు.” అన్నది నిజమే. జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది. “నలభైమందిలో ఎవర్నని పట్టించుకోనండీ? కింది క్లాసుల్లో ఏమీ నేర్పకుండా పంపిస్తే నేనేం చెయ్యను?” అంతటితో ఆ మాట ముగుస్తుంది. మర్నాడు అదే పాఠం, అదే పద్ధతి. స్టాఫ్‌రూమ్‌లో మాత్రం హెచ్‌ఎం మీద ఒక కథ పుడుతుంది.

సాయంత్రం బెల్లు కొట్టాక వరండాలో నడుస్తూ ఇలా అన్నారనుకోండి. “మాస్టారూ, ఆ చివరి బెంచీ అమ్మాయి నోట్సు చూశాను. ఎంత శ్రద్ధగా రాసుకుందో! గుర్తు ఎందుకు మారిందని అడిగితే చెయ్యి అడ్డం పెట్టేసింది. నేను సోషలు వాణ్ని, నాకూ విడమరిచి చెప్పడం చేతకాలేదు. ఆ పిల్లకి ఎలా చెబితే ఎక్కుతుందంటారు?” కాసేపటికి మాస్టారు అంటారు, “త్రాసు బొమ్మ వేసి, రెండువైపులా ఐదు కలిపి చూపించాలండీ. సిలబస్ వెనకబడిందని వదిలేశాను.” “రేపు ఒక్క పది నిమిషాలు అది చేయండి. వెనకవాళ్లు ఎలా రాస్తున్నారో నేను చూసి చెబుతాను.”

రెండో మాటలో మర్యాద ఎక్కువ ఉందన్నది చిన్న విషయం. మొదటి మాట టీచరు గురించి, రెండోది పిల్ల గురించి. మాస్టారికి త్రాసు పద్ధతి తెలుసు, సిలబస్ భయం ఆయన్ని దానికి దూరం చేసింది. ఆ భయాన్ని ఆనవాలు పట్టి, దాన్ని గుచ్చకుండా పక్కనపెట్టి, లెక్క దగ్గరకు తీసుకెళ్లడం హెచ్‌ఎం చేసిన పని. లెక్కల్లో పండితుడు కాని హెచ్‌ఎం కూడా లెక్కల క్లాసుకు మేలు చేయగలడు. పిల్ల చేయి నోట్సు మీదికి ఎందుకు వెళ్లిందో అతను చూడగలిగితే చాలు.

తెలుగు టీచర్లు ఎంతో ఇష్టంగా చదువుకున్న ‘రైలుబడి’ పుస్తకంలో ఇలాంటి ఘట్టమే ఒకటి ఉంది. 1937లో టోక్యోలో పాత రైలు పెట్టెల్లో తొమోయె బడి పెట్టిన సొసాకు కొబయాషి మాస్టారు తొత్తోచాన్ అనే చిన్నపిల్ల కబుర్లను నాలుగు గంటలపాటు విన్న సంగతి అందరికీ గుర్తే. అంతగా చర్చకు రాని భాగం ఇంకొకటి ఉంది. ఒక టీచరమ్మ తోకల గురించి పాఠం చెబుతూ, ఎదుగుదల ఆగిపోయిన తకహషి అనే పిల్లవాణ్ని నీకు తోకేమైనా ఉందా అని సరదాకి అడుగుతుంది. ఆ సాయంత్రం కొబయాషి ఆవిడను గట్టిగా మందలిస్తారు. ఆ మాట ఆ పిల్లవాడి మనసులో ఎక్కడ తగిలి ఉంటుందో ఆలోచించారా అని అడుగుతారు. ఆవిడ ఏడుస్తుంది. ఆయన మందలించింది మిగతా టీచర్లుండే గదిలో కాదు, వంటగదిలో. అనుకోకుండా విన్నది తొత్తోచాన్ ఒక్కతే.

తప్పును ఆయన చిన్నది చేయలేదు, పిల్లవాడి పక్షాన నిలబడ్డారు. అదే సమయంలో ఆ టీచరు మర్నాడు మళ్లీ క్లాసులో నిలబడాల్సిన మనిషన్నది మరచిపోలేదు. మన స్టాఫ్ మీటింగుల్లో పేరు పెట్టి, పదిమంది ముందు, కొన్నిసార్లు పిల్లల ముందే టీచర్లను నిలదీసే తీరు చూసినప్పుడల్లా నాకు ఆ వంటగదే గుర్తొస్తుంది.

పైనుంచి కిందికి

హెచ్‌ఎంలది మాత్రం రాతి గుండెనా? జిల్లా స్థాయి టెలీకాన్ఫరెన్సులో, వందమంది వింటుండగా, మీ బడి ఫలితాలు ఎందుకు తగ్గాయని పేరు పెట్టి అడిగినప్పుడు ఆయన చెంపలు కూడా వేడెక్కుతాయి. ఫోను పెట్టేసిన పది నిమిషాలకు ఎదురొచ్చిన టీచరుకు ఒక మాట పడుతుంది. ఆ టీచరు క్లాసులోకి వెళ్లాక హోంవర్కు తేని పిల్లవాడికి రెండు పడతాయి. అత్తమీద కోపం దుత్తమీద చూపినట్టు ఆ కోపం మెట్టు మెట్టూ దిగి చివరికి ఎవరికీ తిరిగి చెప్పుకోలేని పన్నెండేళ్ల పిల్లవాడి దగ్గర ఆగుతుంది. పదో తరగతి పరీక్షల కాలంలో ఇది మరీ ఎక్కువ. వంద శాతం రావాలన్న ఒత్తిడిలో జనవరి నుంచి సాయంత్రం క్లాసులు, స్లిప్ టెస్టులు, గ్రేడ్ల వారీగా జాబితాలు. సి గ్రేడు పిల్లలని ఒక పేరు పెట్టి వాళ్లను విడిగా కూర్చోబెట్టినప్పుడు వాళ్ల ముఖాల్లోకి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఈ వరసను ఎవరో ఒకరు తమ దగ్గర ఆపాలి. టెలీకాన్ఫరెన్సు అయ్యాక కాసేపు తలుపేసుకుని కూర్చుని, పైవాళ్లన్న మాటలో పనికొచ్చేదెంత, ఊరికే తిట్టిందెంత అని వేరుచేసి, పనికొచ్చేదాన్ని మాత్రమే స్టాఫ్‌రూమ్‌కు తీసుకెళ్లే హెచ్‌ఎంలు ఉన్నారు. వాళ్లెవరికీ దీనికి అవార్డు రాదు. ఏ నివేదికలోనూ ఇది నమోదు కాదు.

ఇంతా చెప్పాక, మంచి హెచ్‌ఎం అంటే ఎవర్నీ ఏమీ అనని మనిషి అనుకునే ప్రమాదం ఉంది. అలాంటి మంచితనం వల్ల బళ్లు పాడైన ఉదాహరణలు ప్రతి మండలంలోనూ దొరుకుతాయి. రోజూ పావుగంట ఆలస్యంగా వచ్చే టీచరును అడగరు, యూనియన్ నాయకుణ్ని కదపరు, సర్పంచి బంధువు జోలికి పోరు. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ ఆయన దేవుడు. ఆ పావుగంట నష్టపోయేది పిల్లలు. ఉద్వేగ ప్రజ్ఞ ఉన్న మనిషి ఇష్టంలేని మాటను తప్పించుకోడు, దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఏ గొంతుతో చెప్పాలో తెలిసి చెబుతాడు. కొబయాషి వంటగదిలో మందలించారు, మందలించకుండా మాత్రం వదల్లేదు.

షికాగోలో ఆంథనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ 1990లలో 400కు పైగా ప్రాథమిక పాఠశాలలను గమనించి 2002లో పుస్తకం రాశారు. బడిలో పెద్దల మధ్య నమ్మకం బలంగా ఉన్నచోట లెక్కల్లో, చదవడంలో పిల్లలు మెరుగుపడే అవకాశం రెండు బళ్లలో ఒకదానికి ఉంది. నమ్మకం బలహీనంగా ఉన్నచోట ఏడింటిలో ఒకదానికే. ఆ నమ్మకం దేనితో కుదురుతుందో కూడా వాళ్లు విడమరిచారు. ఒకరినొకరు గౌరవించుకోవడం, మనిషి మీద శ్రద్ధ, ఇచ్చిన మాట నిలుపుకోవడం. వాటితోపాటు పని చేతనవడం కూడా. పని చేయని టీచరును చూసీ చూడనట్టు వదిలేసే హెచ్‌ఎం మీద పనిచేసే టీచర్లకు నమ్మకం పోతుంది.

పరీక్ష దేనికి పెడుతున్నాం?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్కూల్ అసిస్టెంటు హెచ్‌ఎం కావాలంటే సీనియారిటీ ఉండాలి, ఈఓటీ, జీఓటీ అనే శాఖాపరమైన పరీక్షలు గట్టెక్కాలి. ఒకటి జమాఖర్చుల మీద, రెండోది శాఖ నియమాల మీద. బిల్లు ఎలా పెట్టాలో, ఏ సెలవు ఎవరు మంజూరు చేయాలో తెలియాల్సిందే, కాదనను. కానీ పాఠం చూసి టీచరుతో మాట్లాడటం వచ్చా అని ఆ దారిలో ఎక్కడా ఎవరూ అడగరు. నిన్నటిదాకా స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఇవాళ ఆఫీసు గదిలోకి మారతారు, చాలామందికి అప్పటికే యాభై దాటి ఉంటుంది. నిన్నటి స్నేహితులకు నేడు మెమో ఇవ్వడం ఎలాగో, ఇవ్వకుండా మార్చడం ఎలాగో ఎవరూ నేర్పరు. ప్రమోషన్లు ఆగిపోయిన కాలంలో ఇన్‌చార్జి హెచ్‌ఎంలతోనే బళ్లు నడిచాయి. తెలంగాణలో ఎన్నో ఏళ్లుగా హెచ్‌ఎంలే మండల విద్యాధికారులుగా అదనపు బాధ్యతలు మోస్తూ వచ్చారు. ఒక బడిని చూసుకునే తీరికే లేని మనిషికి మండలమంతా అప్పగించాం.

ఈ సంగతి ప్రభుత్వాలకు తెలియనిదేమీ కాదు. బడి స్థాయిని నిర్ణయించేది ప్రధానోపాధ్యాయుడేనని 1952-53లోనే మొదలియార్ కమిషన్ గుర్తించింది. బడి నాయకత్వం కోసం 2012లో ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రం వెలిసింది. 2019లో నిష్ఠా శిక్షణలు మొదలయ్యాయి. 2020 జాతీయ విద్యావిధానం ప్రధానోపాధ్యాయులు ఏటా కనీసం 50 గంటలు నేర్చుకోవాలని, అందులో బోధన మీద దృష్టి ఉండాలని చెప్పింది. ఆ 50 గంటలు ఎలా గడుస్తున్నాయన్నదే నా బెంగ. ఆన్‌లైన్ మాడ్యూలులో వీడియో పూర్తిచేసి క్విజ్ రాస్తే సర్టిఫికెట్ వస్తుంది. మనసు నొచ్చుకున్న టీచరు ఎదురుగా కూర్చుంటే మొదటి మాట ఏమనాలో వీడియో చూసి రాదు. మండలంలోని హెచ్‌ఎంలు నెలకోసారి ఒక బళ్లో చేరి, ఒక పాఠం కలిసి చూసి, ఒకరు టీచరుతో మాట్లాడుతుంటే మిగతావాళ్లు విని, తర్వాత తమలో తాము చర్చించుకోవాలి. ఆ టీచరు ముందే ఇష్టపడి ఒప్పుకుని ఉండాలి. దీనికి ఖర్చు లేదు. స్కూల్ కాంప్లెక్సు సమావేశాలు ఉండనే ఉన్నాయి, వాటిలో షీట్ల చర్చ తగ్గిస్తే చోటు దొరుకుతుంది.

దానికంటే ముందు రోజుకు ఒక్క గంట కావాలి. ఆ గంటలో హెచ్‌ఎంకు ఏ ఆఫీసూ ఫోను చేయకూడదు, ఏ షీటూ పంపకూడదు. డీఈఓ సంతకంతో అలాంటి ఉత్తర్వు ఒకటి వస్తే, బడి గురించి ఈ మధ్యకాలంలో వచ్చిన ఉత్తర్వులన్నిటిలోకీ అది మేలైనదని నేను నమ్ముతాను.

ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టదగినది ఒకటుంది. హెచ్‌ఎం కూడా ఒక సబ్జెక్టు టీచరే. తొమ్మిదో తరగతికో పదో తరగతికో తాను చెప్పే పాఠానికి ఇద్దరు టీచర్లను వెనక బెంచీ మీద కూర్చోమని పిలవాలి. పాఠం ఎలా ఉందో చెప్పమంటే మొహమాటానికి బాగుందనే అంటారు. అందుకని వాళ్లకు ఒక పని అప్పజెప్పాలి: ఈ నలభై నిమిషాల్లో నేను ఒక్కసారి కూడా పలకరించని పిల్లల పేర్లు రాయండి అని. ఆ పేర్లను సాయంత్రం స్టాఫ్ మీటింగులో హెచ్‌ఎం తానే చదవాలి, ఆ పిల్లల విషయంలో రేపు ఏం చేస్తే బాగుంటుందో అందరినీ అడగాలి. కొత్తగా వచ్చిన టీచరు చెప్పినా రాసుకోవాలి, మర్నాడు చేసి చూడాలి. తర్వాతి వారం ఎవరి క్లాసుకు వెళ్దామన్న మాటను హెచ్‌ఎం ఎత్తకుండా, టీచర్లే అడిగేదాకా ఆగాలి.